పంచిన పటమునకు స్వామి యెవరు?

(అంతర్జాలమున ఛాయాచిత్ర సంరక్షణమును గూర్చిన ఉపన్యాస పాఠము)



జంషెడ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటి గోడలపై నేటికిని ఒక పాత ఛాయాచిత్రము కానవచ్చును. కుర్చీలో నిటారుగా కూర్చున్న తాతగారు, కుర్చీ చేతిపై చేయి వేసి నిలుచున్న నాయనమ్మగారు, ముందు వరుసలో బెదురు చూపులతో ఇద్దరు పిల్లలు, వెనుక స్టూడియోవారి తోట తెర. 1912లో తొలి ఉక్కు పోతపోసిన కర్మాగారమును నమ్ముకొని, ఆ తరువాతి దశాబ్దములలో ఉత్తరాంధ్రమునుండి రైలెక్కి వచ్చినవారు తమ కష్టార్జితములో కొంత అట్టి పటమునకు వెచ్చించిరి. ఒక ప్రతి స్వగ్రామమునకు పోయెడిది. ఒక ప్రతి అద్దము కట్టించుకొని ఇంట నిలిచెడిది. మూడవ ప్రతి కావలెనన్నచో ఇంటిపెద్దను అడిగి, మరల ఆ స్టూడియోకే పోవలసియుండెడిది. ఏలనన నెగటివు అచట నుండెను. ఆ పటమునకు ఎన్ని ప్రతులున్నవో, అవి యెవరి యిండ్లనున్నవో ఇంటిపెద్దకు తెలిసియుండెను.

నేటి సంగతి వేరు. ఉగాదినాటి సాయంకాలమున వేదికపై ఎనిమిదేండ్ల బాలిక నృత్యము చేయుచుండగా సభలో ఇరువది ఫోనులు పైకి లేచును. ఆట ముగిసి, కాలి గజ్జెలు విప్పకముందే ఆ బాలిక పటము సంఘపు వాట్సాప్ బృందమునకు చేరును. అచటినుండి మేనమామ కుటుంబ బృందమునకు, ఆయన కార్యాలయ మిత్రుల బృందమునకు, అందొకరి ఫేస్‌బుక్ పుటకు పోవును. తెల్లవారుసరికి ఆ బాలిక ముఖమును ఎందరు చూచిరో, ఎందరు దాచుకొనిరో తల్లికి గాని తండ్రికి గాని తెలియదు. ఆ పటమును తీసినవానికిని తెలియదు. ఆ పంపకమున ఎవరికిని దురుద్దేశము లేదు. అందరును ముచ్చటపడియే పంపిరి. అయినను ఇంటిపెద్ద చేతనుండిన తాళము జారిపోయినది. ఆ తాళమును ఎంతవరకు తిరిగి చేజిక్కించుకొనవచ్చును, ఎచట అది అసాధ్యము అను విచారణయే ఈ ఉపన్యాస విషయము.

మొదట చరిత్రను కొంచెము పరిశీలింపవలసియున్నది. పటమును దొంగిలించుట అంతర్జాలముతో పుట్టిన వ్యాధి కాదు. 1882లో న్యూయార్కు నగరమున నెపోలియన్ సెరొనీ అను ఛాయాచిత్రకారుడు ప్రసిద్ధ రచయిత ఆస్కార్ వైల్డ్ పటమును తీసెను. ఒక ముద్రణాలయమువారు ఆయనను అడుగకయే ఆ పటమును 85,000 ప్రతులు అచ్చువేసిరి. న్యాయస్థానమున వారి వాదన మిక్కిలి తెలివైనది: పటమును తీసినది యంత్రము; యంత్రమునకు కర్తృత్వమేమి? 1884లో అమెరికా సుప్రీముకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చెను. ఆసీనుడైన వ్యక్తి భంగిమను, వస్త్రములను, వెలుగునీడలను నిర్ణయించినది మానవుని బుద్ధియే కనుక ఆ మానవుడే కర్త యని తీర్పు చెప్పెను. ఫోనుతో పటము తీయు సామాన్య గృహస్థునకు గూడ నేడు లభించుచున్న హక్కునకు వెనుక ఇట్టి భావమే యున్నది.

తెలుగునేలపై ఇందుకు చక్కని నిదర్శనము రాజా దీన్‌దయాళ్. ఆయన పందొమ్మిదవ శతాబ్దపు చివర హైదరాబాదు నిజాము కొలువున ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. ఆయన పటములు పెక్కింటిపై పేరును, వరుస సంఖ్యయు కానవచ్చును. 1905లో ఆయన మరణించెను. ఆయన గాజుపలకల నెగటివులు అనేకము నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. పేరు, సంఖ్య, మూలప్రతి అను ఈ మూడును నిలిచినందువలన శతాబ్దము గడచినను అవి ఎవరి పటములో చెప్పుటకు సందేహము లేదు.

జంషెడ్‌పూరునకు సంబంధించిన ఉదాహరణము మరియొకటి కలదు. 1951లో స్విట్జర్లాండు దేశీయుడైన వెర్నర్ బిషోఫ్ భారతదేశమునకు వచ్చి బీహారు కరవును చిత్రించెను. ఆనాడు బీహారు రాష్ట్రముననే యున్న జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమును గూడ ఆయన చిత్రించెను. 1954లో పెరూ దేశపు కొండలలో ప్రమాదమున ఆయన మరణించెను. ఆయన చేరిన మాగ్నమ్ సంస్థను 1947లో ఛాయాచిత్రకారులే స్థాపించుకొనిరి. పత్రికలు పటమును అచ్చువేసికొనవచ్చును గాని, దాని స్వామ్యము చిత్రకారునిదే అనుట ఆ సంస్థ మూలసూత్రములలో నొకటి. కావుననే ఏడు దశాబ్దములు గడచినను ఆ పటములు వెర్నర్ బిషోఫ్ పేరిటనే, జంషెడ్‌పూరు అను ఊరి పేరుతోను, సంవత్సరముతోను వెలువడుచున్నవి. ఆ పటములను ఎవ్వరును నకలు చేయలేదని దీని యర్థము కాదు. నకళ్లు ఎన్ని పుట్టినను మూలమునకును స్వామికిని గల ముడి తెగలేదని మాత్రమే దీని యర్థము.

ఆ ముడి తెగినచో నేమగునో 2015లో లోకము చూచినది. ఆ సంవత్సరము నేపాలు భూకంపానంతరము, చిన్నారి చెల్లెలిని పొదివి పట్టుకొన్న బాలుని పటమొకటి లోకమంతట వ్యాపించెను. నేపాలు అనాథలని తలచి జనులు కన్నీరు కార్చిరి. ఆ పటము పేర విరాళములు గూడ అడుగబడినవి. నిజమునకు ఆ పిల్లలు నేపాలువారు కారు, భూకంపమును ఎరుగరు. 2007లో వియత్నాము ఉత్తర కొండలలో నా సోన్ న్గుయెన్ అను ఛాయాచిత్రకారుడు తీసిన పటమది. తన పటమునకు తానే కర్తనని చెప్పుకొనుటకు ఆయన ఎంత శ్రమపడినను అబద్ధము ముందే లోకము చుట్టివచ్చినది. ఆయన పేరు పోయినది; ఆ పిల్లల కథయు పోయినది; దానమిచ్చిన వారి విశ్వాసమునకును భంగము కలిగినది. ఒక్క నకలు వలన ముగ్గురకు నష్టము.

ఇక నకలును అసలే అడ్డుకొనలేమా యని పలువురడుగుదురు. దీనికి సూటియైన సమాధానము: పూర్తిగా అడ్డుకొనుట అసాధ్యము. కారణము యంత్రముల పనితీరులోనే యున్నది. గోడపై పటమును చూచువాడు దూరమునుండి చూచి పోవును. పటము గోడపైననే యుండును. అంతర్జాలమున అట్లు కాదు. పటము తెరపై కనబడుట యనగా దాని ప్రతియొకటి చూచువాని యంత్రమునకు చేరుటయే. చేరనిదే కనబడదు, చేరినదానిని దాచుకొనుట కష్టము కాదు. మౌసు కుడి మీటను పనిచేయకుండ చేయుట, పటముపై కనబడని తెర పరచుట వంటి ఉపాయములు అమాయకుని ఆపునేమో గాని తెలిసినవానిని ఆపజాలవు. ఫోను తెరను యథాతథముగ పట్టుకొను స్క్రీన్‌షాట్ సదుపాయము ప్రతి ఫోనునను కలదు. దానిని అడ్డగించినను రెండవ ఫోనుతో మొదటి ఫోను తెరను ఫోటో తీయవచ్చును.

సంస్థలు ఈ దిశగా కొంత ప్రయత్నము చేయకపోలేదు. 2017 జూనులో ఫేస్‌బుక్ సంస్థ ముఖచిత్రమునకు రక్షణ కవచము వంటి సదుపాయమును మొట్టమొదట భారతదేశముననే ప్రవేశపెట్టినది. ఇచటి స్త్రీలు తమ పటములు దుర్వినియోగమగునను భయముతో ముఖచిత్రము పెట్టుటకే జంకుచుండుట అందుకు కారణము. 2020లో అపరిచితులకు పుట యంతయు కనబడకుండ తాళము వేసికొను వీలును కల్పించినది. ఇవి తలుపునకు గొళ్లెము వంటివి. గొళ్లెము గజదొంగను ఆపదని ఎవ్వరును తలుపు బార్లా తెరచి నిద్రింపరు గదా! కనుక వాటిని తప్పక వాడుకొనవలెను. వాటినే నమ్ముకొని యుండరాదు.

నకలును ఆపలేనప్పుడు చేయదగిన పని యేమి? నకలు విలువను తగ్గించుట, మూలపు విలువను కాపాడుట. ఇందుకు గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. వాటికి ధనవ్యయము లేదు, గొప్ప సాంకేతిక విద్యయు అక్కరలేదు.

మొదటిది, మూలప్రతిని భద్రపరచుట. ఫోను తీసిన పూర్తి పరిమాణపు పటమును కంప్యూటరునందో, వేరొక డిస్కునందో తేదీలవారీగా దాచవలెను. ఆ మూలప్రతిలో పటము తీసిన తేదీ, సమయము, కెమెరా వివరములు అంతర్లీనముగ వ్రాయబడియుండును. పూర్వకాలపు నెగటివు వంటిదే యిది. తగవు వచ్చిననాడు నకలుగాని వద్ద చిన్న ప్రతి మాత్రమే యుండును. పెద్ద ప్రతియు, దానికి ముందు వెనుకల తీసిన పటములును స్వామి వద్దనే యుండును. అంతకు మించిన సాక్ష్యము దొరకుట అరుదు.

రెండవది, పంచునప్పుడు చిన్న ప్రతిని పంచుట. నేటి ఫోను పటము పొడవున సుమారు 4,000 బిందువులు కలిగియుండును. దానిని 1,000 బిందువులకు తగ్గించి పంచినచో ఫోను తెరపై చక్కగనే కనబడును. కాని అంగుళమునకు 300 బిందువుల చొప్పున అచ్చువేయబూనినచో మూడంగుళములకు కొంచెము మించి రాదు. క్యాలెండరుపైననో, ప్రకటన పత్రముపైననో దొంగతనముగ వేసికొనదలచినవానికి అది అక్కరకు రాదు.

మూడవది, పటముపై పేరు వ్రాయుట; అనగా వాటర్‌మార్కు. పటపు మూలన వ్రాసిన పేరును కత్తిరించివేయుట సులభము కనుక, అందము చెడని రీతిని ముఖ్యభాగమునకు చేరువలో పలుచగ వ్రాయవలెను. ఐతే ఇందును ఒక మెలకువ కావలెను. వేలకొలది పటములపై ఒకే గుర్తును ఒకే తీరున వేసినచో, వాటినన్నిటిని పోల్చి ఆ గుర్తును యంత్రము తనంతట తానే తుడిచివేయగలదని 2017లో గూగుల్ సంస్థ పరిశోధకులు నిరూపించిరి. గుర్తు ఆకారమును పటము పటమునకు కొంచెము మార్చినచో ఆ పని కష్టమగునని గూడ వారే తెలిపిరి. నేటి కృత్రిమ మేధ సాధనములు ఇట్టి తుడుపు పనిలో మరింత ఆరితేరినవి. అందుచేత పేరు వ్రాయుట యజమానిని ప్రకటించుటకే గాని, అభేద్యమైన కోట కాదు.

నాల్గవది, పటముతో పాటు పోవు అనవసర సమాచారమును ఆపుట. పటము తీసిన స్థలపు అక్షాంశ రేఖాంశములను గూడ ఫోను అందు వ్రాయును. సామాన్యముగ వాట్సాపున ఫోటోగా పంపినప్పుడు ఆ వివరములు తొలగిపోవును; డాక్యుమెంటుగా పంపినచో నిలిచియుండును. కనుక ఇంటి పటములకు ఫోను కెమెరాలోని స్థల నిర్దేశమును నిలిపివేయుట మేలు. కంటికి కనబడు వివరములును కలవు: పిల్లవాని బడి చిహ్నము, క్వార్టరు సంఖ్య, స్కూటరు నెంబరు, మెడలోని కార్యాలయ గుర్తింపు కార్డు. ముచ్చటకు తీసిన పటమున ఇవన్నియు దాగియుండి, దుర్జనునకు చిరునామా చెప్పును. పంపుటకు ముందు పటపు అంచులను ఒకసారి పరికించి, అక్కరలేని భాగమును కత్తిరింపవలెను.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఎవరికి పంపుచున్నామను విచక్షణ. పది మంది బంధువులకు చూపవలసిన పటమును మూడు వందల మంది బృందమున వేయుట ఎందులకు? బాలబాలికల పటముల విషయమున ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. పెద్దవారు తమ పటమును గూర్చి తామే నిర్ణయించుకొందురు. ఎనిమిదేండ్ల బాలిక తరపున నిర్ణయించువారు తల్లిదండ్రులు. ఆ నిర్ణయపు ఫలితమును అనుభవించునది మాత్రము పదేండ్ల తరువాత ఆ బాలికయే.

ఫలితము ఎట్లుండునో చెప్పక తప్పదు. జార్ఖండు రాష్ట్రముననే యున్న జామ్తారా పేరు ఫోను మోసములకు దేశమంతట వాడుకలోనికి వచ్చినది. ఇట్టి మోసగాండ్రు నేడు ఒక్క ఊరికి గాని, ఒక్క రాష్ట్రమునకు గాని పరిమితులు కారు. వారి సులభోపాయములలో నొకటి పటపు చౌర్యము. కార్యాలయాధికారి ముఖచిత్రమును నకలు చేసి, క్రొత్త నెంబరుపై దానిని తగిలించి, ఆ కార్యాలయపు ఉద్యోగులకే "సమావేశమున నున్నాను, అత్యవసరముగ ఈ సొమ్ము పంపుడు" అని వర్తమానము పంపుదురు. పటమును చూచి నమ్మినవాడు సొమ్ము పోగొట్టుకొనును; పటము గలవాడు పరువు పోగొట్టుకొనును. ముఖచిత్రమును పరిచయస్థులకు మాత్రమే కనబడునట్లు ఉంచుకొనుటయు, సొమ్మడిగిన ప్రతి సందేశమును పాత నెంబరుకు ఫోను చేసి ధ్రువపరచుకొనుటయు ఇందుకు విరుగుడు.

అంతకంటె ఘోరమైనది ముఖపు చౌర్యము. 2023 నవంబరులో తెలుగు చిత్రములలో ప్రసిద్ధి గాంచిన నటి రష్మిక మందన్న ముఖమును, బ్రిటనులోని వేరొక యువతి చలనచిత్రమునకు అతికించి యంత్రమాయతో ఒక దొంగ దృశ్యము సృష్టింపబడినది. దేశమంతట అది కలవరము కలిగించెను. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో ఆంధ్రప్రదేశమునందలి గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుని అరెస్టు చేసిరి. నటి పేరు లోకమునకు తెలియును గనుక పోలీసులు కదలిరి, పత్రికలు వ్రాసినవి. ఈ ఘటనలో ముఖము పోయినది ఒకరిది, దేహము పోయినది మరియొకరిది. ఆ రెండవ యువతిని తలచినవారు తక్కువ. సామాన్య గృహస్థుని కుమార్తె పటమునకు ఇట్టి దుర్గతి పట్టినచో ఆమె పక్షమున మొదట నిలువవలసినది ఇంటివారే. "నీవేల ఆ ఫోటో పెట్టితివి?" అని బాలికను గద్దించుట గాయముపై కారము చల్లుటయే. నేరము నకలు చేసి వికృతపరచినవానిదే గాని పటమున నవ్విన బాలికది కాదు. ఈ ఒక్క మాట ప్రతి యింటను స్థిరపడినచో, బెదిరించి సొమ్ము గుంజువారి బలము సగము తగ్గును. ఏలనన ఇంటివారికి తెలియునను భయమే వారి ఆయుధము.

ఇక చట్టము మాట. భారతదేశమున కాపీరైటు చట్టము 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ఛాయాచిత్రమును కళాకృతిగ పరిగణించినది. దానిని తీసిన వ్యక్తియే కర్త యని స్పష్టముగ చెప్పినది. హక్కు కలుగుటకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పటము తీసినంతనే హక్కు పుట్టును. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రపు హక్కు కర్త జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును నిలుచును. ఫేస్‌బుక్ వంటి వేదికలపై పటము వేసినవాడు ఆ సంస్థకు దానిని వాడుకొను అనుమతి నిచ్చుచున్నాడే గాని స్వామ్యమును ధారపోయుట లేదు. కనుక "అంతర్జాలమున దొరికినది గనుక అందరిది" అనుట చట్టము ముందు నిలువని మాట.

అందరును ఎరుగవలసిన మెలకువలు ఇందు కొన్ని కలవు. పెండ్లికి సొమ్మిచ్చి పిలిపించిన ఛాయాచిత్రకారుడు తీసిన పటములకు, వేరొక ఒప్పందము లేనిచో, ప్రథమ స్వామి సొమ్మిచ్చినవారే. స్టూడియోవారు వధువు పటమును తమ ప్రకటనకు వాడుకొనదలచినచో అడిగి తీరవలెను. ఐతే కొందరు సంతకము చేయించుకొను కాగితమున ఇందుకు విరుద్ధమైన షరతు ఉండవచ్చును; కావున చదివి సంతకము చేయవలెను. సొమ్ము తీసికొనక బంధువు తీసిన పటమునకు ఆ బంధువే స్వామి. పటములో నున్నవారు ఒకరు, పటమునకు స్వామి యొకరు కావచ్చును. చట్టము కర్తకు కాపీరైటును ఇచ్చినను, ముఖము గలవారిని అడుగుట మర్యాద. వ్యక్తిగత అధ్యయనము, విమర్శ, వర్తమాన విషయముల నివేదన వంటి ప్రయోజనములకు న్యాయమైన మేరకు వాడుకొనుటను చట్టమే అనుమతించినది.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మరియొక సూక్ష్మము కలదు. ప్రభుత్వ నిర్దేశముతోనో, ఆధ్వర్యవముననో తీయబడిన పటమునకు, వేరొక ఒప్పందము లేనిచో, ప్రభుత్వమే ప్రథమ స్వామి. కార్యాలయమునందలి ఫైలు, యంత్రము, ప్రయోగఫలకము కనబడునట్లు ముచ్చటకు తీసిన పటమును పంచుట 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 11వ నియమమునకు తగులవచ్చును. అనధికారముగ అధికార సమాచారమును బయట పెట్టుటను ఆ నియమము వారించుచున్నది.

1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనాలయము జంషెడ్‌పూరునకు అలంకారము. కృష్ణా జిల్లాలో జన్మించిన డాక్టర్ పి. రామచంద్రరావు 1992 నుండి 2002 వరకు దానికి డైరెక్టరుగ నుండిరి. అంతకుముందు, 1985లో, క్వాసీ స్ఫటికములను గూర్చి ఆయన సహచరునితో కలసి ప్రకటించిన పరిశోధన లోహశాస్త్రజ్ఞుల మన్నన పొందినది. ఆ శాస్త్రమున సాక్ష్యమనునది ప్రధానముగ ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని పట్టిన చిత్రమే. శాస్త్రజ్ఞునకు పటము ముచ్చట కాదు, ప్రమాణము. అట్టి పటమును ఒకచోట తీసి వేరొకచోట అతికించుట పటచౌర్యమే గాక సత్యచౌర్యమును అగును. 2016లో ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు జీవశాస్త్ర సంబంధమైన 20,621 వ్యాసములను పరిశీలించి, వాటిలో 3.8 శాతమున సందేహాస్పదముగ పునరుక్తమైన చిత్రములున్నవని ప్రకటించిరి. విద్యావంతుల లోకమున గూడ ఈ దోషము లేకపోలేదని దీనివలన తెలియును.

పటము దొంగిలింపబడినదని తెలిసిననాడు చేయవలసిన పనులకు ఒక క్రమము కలదు. కోపముతో వెంటనే దొంగతో వాగ్వాదమునకు దిగరాదు. దిగినచో వాడు సాక్ష్యమును తుడిచివేయును. మొదట ఆ పుట స్క్రీన్‌షాట్, దాని చిరునామా, చూచిన తేదీ, సమయము భద్రపరచవలెను. పటమును బట్టి వెదకు సదుపాయము గూగులునందు 2011 నుండి కలదు. దానితో ఆ పటము మరియెచట నున్నదో చూడవలెను. పిమ్మట ఆ వేదికకు ఫిర్యాదు చేయవలెను. 2021 నాటి కేంద్ర నియమములు ప్రతి వేదికకును ఫిర్యాదుల అధికారి యుండవలెనని శాసించినవి. నగ్నత్వము గల పటములు, వేరొకరి వేషము ధరించుట, మార్ఫింగు చేసిన పటములు అను వాని విషయమున, బాధితుని ఫిర్యాదు అందినపిమ్మట తొలగించుటకు ఆ నియమములు 2021లో 24 గంటల గడువును విధించినవి. కేవలము అనుమతి లేక వాడుకొనిన పటమైనచో, పేరు చేర్చుమనియో, తొలగింపుమనియో మర్యాదగ వ్రాసిన లేఖయే పెక్కుమారులు పని చక్కబెట్టును; అజ్ఞానముతో వాడుకొన్నవారే ఎక్కువ.

లేఖకు లొంగనివారి కొరకు న్యాయస్థానము కలదు. పటము స్వామి తాను నివసించు ఊరి జిల్లా కోర్టుననే దావా వేయుటకు కాపీరైటు చట్టము వీలు కల్పించినది. తెలిసి హక్కును ఉల్లంఘించినవానికి సామాన్యముగ ఆరు నెలలనుండి మూడేండ్లవరకు కారాగారమును, 50,000 నుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. పటముతో అంతర్లీనముగ నున్న స్వామి వివరములను బుద్ధిపూర్వకముగ తొలగించుటను 2012 సవరణ ప్రత్యేక నేరముగ జేసినది. వ్యక్తుల గోప్యాంగముల పటమును వారి యనుమతి లేక తీయుట, పంపుట సమాచార సాంకేతిక చట్టము 66ఇ ప్రకారము మూడేండ్లవరకు శిక్షార్హము. ధనము పోయినచో ఆలసింపక 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఇతర సైబరు నేరములకు 2019లో ఏర్పడిన జాతీయ ఫిర్యాదు వేదికయు, స్థానిక పోలీసు ఠాణాయు కలవు. రహస్య పటములతో ఎవరైన బెదిరించుచున్నచో, 2021లో ఆరంభమైన స్టాప్ ఎన్‌సీఐఐ అను సేవ పదునెనిమిదేండ్లు నిండినవారికి ఉపకరించును. అందు పటమును ఎవరికిని పంపనక్కరలేదు. బాధితుని ఫోనుననే దానినుండి ఒక సంఖ్యాముద్ర తయారై, ఆ ముద్ర మాత్రమే వేదికలకు పోవును. అందు పాల్గొను వేదికలు ఆ ముద్రకు సరిపోలిన పటమును అడ్డగించును.

ఇంతవరకు చెప్పినది దొంగను గూర్చి. కాని ఉగాది రాత్రి ఆ బాలిక పటమును ఊరు దాటించినవారు దొంగలు కారు. పిన్నతండ్రులు, మేనత్తలు, పొరుగువారు, సహోద్యోగులు. చట్టమును, వాటర్‌మార్కును, తాళములను మించిన రక్షణ వీరి చేతిలోనే కలదు. పూర్వము అద్దము కట్టిన పటమును గోడనుండి దింపుకొనిపోవుటకు ఇంటివారిని అడిగెడివారు. ఆ అడుగు అలవాటు ఫోనులోనికి ఇంకను రాలేదు. పంపుటకు ముందు "పంపవచ్చునా?" అని ఒక్క మాట, వేరొకరి పటమును వాడుకొనునప్పుడు "వీరు తీసినది" అని ఒక్క పంక్తి, ఈ రెండును పాటింపబడిన సమాజమున పటమునకు స్వామి యెవరను ప్రశ్న సగము పరిష్కారమగును.

సాంస్కృతిక సంఘములు ఈ పనికి నాంది పలుకవచ్చును. వేదికపై కార్యక్రమములను చిత్రించుటకు ఒకరిద్దరిని నియమించి, తక్కినవారు ఫోనులు దించి కన్నులతో చూచునట్లు కోరవచ్చును. పిల్లల పటములను తల్లిదండ్రుల సమ్మతి గైకొని మాత్రమే బృందమున వేయవచ్చును. సంచికలలో అచ్చువేయు ప్రతి పటము క్రింద పటములోనివారి పేర్లతో పాటు, తీసినవారి పేరును, సంవత్సరమును ముద్రింపవచ్చును. వృద్ధుల యిండ్లలోని పాత స్టూడియో పటములను వారి యనుమతితో స్కాను చేయించి, వెనుక వ్రాసియున్న పేర్లను, ఊళ్లను, తేదీలను చేర్చి భద్రపరచవచ్చును. జంషెడ్‌పూరు ఉక్కు సంస్థ తన చరిత్రపత్రములకు, పటములకు ప్రత్యేకముగ ఒక భాండాగారమునే నెలకొల్పుకొన్నది. ఆ ఉక్కును నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబముల చరిత్రకు ఇంటి గోడలే భాండాగారములు. అట్టి పటములలో కొన్నింటిపై కాపీరైటు గడువు తీరిపోయియుండవచ్చును; వాటిలోనివారి గౌరవమునకు మాత్రము గడువు లేదు.

తాతగారి పటము ఎవరిదో చెప్పగల పెద్దలు ఇంకను కొందరు జీవించియున్నారు. వారిని అడిగి, పటము వెనుక పేర్లు వ్రాసిపెట్టుట నేటి తరమువారి పని. మనుమరాలి పటము ఎచటెచటికి పోవలెనో, ఎచటికి పోరాదో నిర్ణయించుటయు నేటి తరమువారి పనియే. ఈ రెండును నెరవేరినచో ఆ బాలిక పెద్దదై, తన చిన్ననాటి నృత్యపు పటమును తన బిడ్డలకు నిస్సంకోచముగ చూపగలదు.

స్వస్తి.